వినిపిస్తోందా? కనిపిస్తోందా? పాదరసం గొట్టాల నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ దాకా

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది మొత్తం దీని కింద అక్షరాల్లో పెట్టాం. ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన చరిత్ర ఇక్కడ వరసగా రాస్తున్నాను. డ్యూటీ నుంచి వచ్చాక తీరిగ్గా చదువుకోండి.

ఇంటికి వీడియో కాల్ చేస్తే మనం మాట్లాడే మొదటి రెండు మాటలు ఏమిటి? "వినిపిస్తోందా? కనిపిస్తోందా?" బాగున్నారా అన్నది ఆ తర్వాతే. మనకి వారంలో దొరికేది ఒక్క ఆదివారం గంట. అందులో ఇరవై నిమిషాలు "గొంతు రావట్లేదురా", "మొత్తం నల్లగా ఉంది బాబూ" అనే దాంట్లోనే పోతే ఆ వారమంతా వెలితిగా ఉంటుంది. పిల్లల చదువు కోసం కొనిపెట్టిన కంప్యూటర్‌లో బొమ్మ రాకపోతే ఊళ్ళో ఎవరో ఒకరు చూసి "బోర్డు పోయింది, కొత్తది కొనాల్సిందే" అంటారు. ఇక్కడ మన నెల రోజుల ఓవర్‌టైం అక్కడ ఒక్క మాటతో కరిగిపోతుంది. అందుకే ఈ సంగతి చిన్నదిగా అనిపించినా చిన్నది కాదు.

ఈ రెండు ప్రశ్నలూ కంప్యూటర్ పుట్టిన రోజుల నుంచే ఉన్నాయి. అందులో ఒక పెద్ద ముక్క జరిగింది మనం పని చేస్తున్న ఈ ఆస్ట్రేలియాలోనే.

సిడ్నీలో పాదరసం కంప్యూటర్

రెండో ప్రపంచ యుద్ధంలో సిడ్నీ యూనివర్సిటీ ఆవరణలో రేడియోఫిజిక్స్ లేబొరేటరీ అని ఒకటి ఉండేది. రాడార్ పని అక్కడ జరిగేది. అది సీఎస్‌ఐఆర్ అనే ప్రభుత్వ సంస్థ కింద నడిచేది, 1949లో దాని పేరు సీఎస్‌ఐఆర్‌ఓ అయింది. యుద్ధం అయిపోయాక అక్కడి ట్రెవర్ పియర్సీ, మాస్టన్ బియర్డ్ కలిసి ఒక కంప్యూటర్ కట్టడం మొదలుపెట్టారు. 1949 నవంబర్‌లో అది మొదటి టెస్ట్ ప్రోగ్రామ్ నడిపింది. అప్పటి పేరు సీఎస్‌ఐఆర్ మార్క్ 1, తర్వాతి పేరు సిరాక్. చిప్పులు, ట్రాన్సిస్టర్లు ఇంకా వాడకంలోకి రాని కాలం. దాదాపు 2,000 వాల్వులతో పని చేసేది. మన తాతల కాలం రేడియోల్లో ఎర్రగా వెలిగేవి చూడండి, అవే. బరువు సుమారు 7 టన్నులు, కరెంటు సుమారు 30 కిలోవాట్లు.

దీని మెమరీ గురించి కాస్త వివరంగా చెప్తాను. అది పాదరసం నింపిన గొట్టాల్లో ఉండేది. గొట్టానికి ఒక చివర క్వార్ట్జ్ స్ఫటికం. కరెంటు పల్స్ వచ్చి దాన్ని తడితే అది శబ్దంగా మారి పాదరసంలో ప్రయాణం చేస్తుంది. పాదరసంలో శబ్దం వేగం సెకనుకి సుమారు 1,450 మీటర్లు. కరెంటుతో పోలిస్తే ఇది నత్తనడక. అవతలి చివర ఇంకో స్ఫటికం ఆ శబ్దాన్ని పట్టుకుని మళ్ళీ కరెంటుగా మారుస్తుంది. దాన్ని బలపరిచి మళ్ళీ మొదటి చివరకి పంపుతారు. అలా తిరుగుతూ ఉన్నంత సేపూ ఆ సంఖ్య గుర్తున్నట్టు. తిరగడం ఆగిందంటే మర్చిపోయినట్టే. ఎండకి, చలికి పాదరసంలో శబ్దం వేగం మారిపోతుంది కాబట్టి దాని వేడిని ఒకే స్థాయిలో ఉంచాల్సి వచ్చేది. అంటే ఆ గొట్టాల్లోని జ్ఞాపకం శబ్దమే అన్నమాట, మన చెవికి వినపడదు అంతే. రాడార్ పనిలో వాడిన ఉపాయమే ఇక్కడికి వచ్చింది.

హూటర్ కూత

ఆ యంత్రం లోపల ఏం జరుగుతోందో తెలిసేది ఎలా? ఇప్పటిలా స్క్రీన్ మీద అక్షరాలు రావు. ప్రోగ్రామ్ రంధ్రాలు కొట్టిన టేపు మీద లోపలికి పోవాలి, జవాబు కూడా అచ్చయి బయటికి రావాలి. లెక్క నడుస్తోందా, ఎక్కడైనా ఇరుక్కుందా అన్నది మధ్యలో తెలియాలి కదా. దానికి రెండు ఏర్పాట్లు ఉండేవి, ఒకటి కంటికి, ఒకటి చెవికి.

కంటికోసం ఆపరేటర్ కూర్చునే చోట చిన్న చిన్న గుండ్రటి కాథోడ్ రే ట్యూబులు బిగించారు. లోపలి రిజిస్టర్లలో, మెమరీలో ఉన్న అంకెలు వాటి మీద చుక్కలుగా వెలిగేవి. చుక్క ఉంటే 1, లేకపోతే 0. అదే ఆ కాలం మానిటర్.

చెవికోసం ఒక లౌడ్‌స్పీకర్ పెట్టారు. వాళ్ళు దాన్ని హూటర్ అనేవారు. కంప్యూటర్‌లోని పల్స్‌లని తిన్నగా ఆ స్పీకర్‌కే పంపేవారు, మధ్యలో మార్చే పరికరం ఏదీ లేదు. ఒక్క పల్స్ పంపితే టిక్కుమని వినీ వినపడకుండా పోతుంది. అందుకని ప్రోగ్రామ్ రాసేవాళ్ళు కావలసిన చోట ఒక చిన్న తిరుగుడు పెట్టి వరసగా పల్స్‌లు పంపేవారు. అప్పుడు అది బుర్రుమని కూసేది. లెక్క ఫలానా చోటికి చేరిందని, లేదా పని ముగిసిందని ఆ కూతే గుర్తు. రావాల్సిన చోట కూత రాలేదా, ఏదో తేడా ఉందని లెక్క. సైట్‌లో ట్రక్కు రివర్స్ వస్తుంటే మనం తల తిప్పకుండానే బీప్ విని పక్కకి జరుగుతాం చూడండి, అదే పద్ధతి.

అక్కడ జెఫ్ హిల్ అని ఒక ప్రోగ్రామర్ ఉండేవాడు. సంగీతం బాగా పట్టుబడ్డ మనిషి. పల్స్‌ల మధ్య ఎడం తగ్గిస్తే కూత సన్నబడుతుంది, పెంచితే బొంగురుపోతుంది. అలాంటప్పుడు స్వరాలే పలికించొచ్చు కదా అనుకున్నాడు. ఇప్పుడు వింటే సులువుగా ఉంది గానీ అప్పట్లో చాలా కష్టం. పాదరసం గొట్టంలో సంఖ్య తిరుగుతూ ఉంటుందని చెప్పాను కదా, కావలసిన సంఖ్య ఆ చివరకి వచ్చేదాకా ఆగాలి. ఒక్కోసారి ఒక్కో వ్యవధి పడుతుంది. పల్స్ సరిగ్గా అనుకున్న క్షణానికే వెళ్ళాలంటే ఏ సంఖ్య ఏ గొట్టంలో ఎక్కడుందో కూడా లెక్క కట్టి రాసుకోవాలి. ఏమాత్రం తేడా వచ్చినా శ్రుతి తప్పుతుంది.

1951 ఆగస్ట్ 7 నుంచి 9 దాకా సిడ్నీ యూనివర్సిటీలో ఆస్ట్రేలియా మొదటి కంప్యూటర్ సమావేశం జరిగింది. అక్కడ ఈ యంత్రం అందరి ముందూ కర్నల్ బోగీ అనే మార్చింగ్ పాట వాయించింది. తర్వాత 1957లో వచ్చిన ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్ సినిమాలో సైనికులు ఈల వేస్తూ నడిచేది ఆ బాణీకే. ప్రపంచంలో కంప్యూటర్లు వాయించిన మొట్టమొదటి పాటల్లో ఇదొకటి. ఎవరూ రికార్డు మాత్రం చేయలేదు. అదే ఏడాది కొద్ది నెలల తర్వాత ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఫెర్రాంటీ మార్క్ 1 వాయించిన పాటల్ని బీబీసీ రికార్డు చేసింది కాబట్టి ఆ రికార్డు మిగిలింది. సిడ్నీ పాటని చాలా ఏళ్ళ తర్వాత పాల్ డోర్న్‌బుష్ అనే సంగీతకారుడు పాత టేపులు వెతికించి, పాత యంత్రం నడకని కొత్త కంప్యూటర్‌లో మళ్ళీ కట్టించి వినిపించాడు.

ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. ఆ స్పీకర్‌ని పాటల కోసం పెట్టలేదు, లోపం కనిపెట్టడానికి పెట్టారు. రిపేరు కోసం పెట్టిన సామానులోంచి పాట పుట్టింది.

ఆ తర్వాత కథ మన లాంటి వాళ్ళకి బాగా అర్థమవుతుంది. 1954 ప్రాంతంలో సీఎస్‌ఐఆర్‌ఓ పెద్దలు కంప్యూటర్ పని ఆపేసి, డబ్బు రేడియో ఖగోళశాస్త్రానికి, మేఘాల నుంచి వాన కురిపించే పరిశోధనకి పెట్టాలని నిర్ణయించారు. మంచి పనిమంతుడిని ప్రాజెక్ట్ మూసేశారని ఇంకో సైట్‌కి పంపినట్టు, 1955లో ఆ యంత్రాన్ని విప్పి లారీలో మెల్‌బోర్న్ యూనివర్సిటీకి పంపారు. 1956 జూన్ 14న అక్కడ సిరాక్ అనే కొత్త పేరుతో మళ్ళీ మొదలైంది. 1964 నవంబర్ 24న ఆపేసేదాకా సుమారు 700 పనులు చేసింది. దాన్ని పాత ఇనుముకి అమ్మెయ్యకుండా మ్యూజియంకి ఇచ్చారు. ఆ తరం కంప్యూటర్లలో చెక్కుచెదరకుండా మిగిలింది ఇదొక్కటే అంటారు. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్ళు స్పాట్స్‌వుడ్‌లోని సైన్స్‌వర్క్స్ మ్యూజియంకి వెళ్తే చూడొచ్చు.

మన వైపు: చెర్లపల్లి బోర్డులు, కోళ్ళ జాలీ యాంటెన్నా

ఇదంతా తెల్లవాళ్ళ గొడవ, మనకేంటి అనుకోకండి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ 1967లో మొదలైంది. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్. రావు గారు, అంటే అయ్యగారి సాంబశివరావు గారు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు మనిషి. ఏఎస్ రావు నగర్ అని బస్సు బోర్డు మీద రోజూ చదివే పేరు ఆయనదే. 1969లో ఈసీఐఎల్ టీడీసీ 12 అనే కంప్యూటర్ తయారు చేసింది. ఆ కంపెనీ టీవీలు కూడా మన ఇళ్ళలో ఉండేవి, ఈసీ టీవీ అనేవాళ్ళం.

దానికన్నా పెద్ద కథ సైట్. మన కట్టుబడి సైట్ కాదు, ఇస్రో, నాసా కలిసి 1975 ఆగస్ట్ 1 నుంచి 1976 జులై 31 దాకా నడిపిన ఉపగ్రహ టీవీ కార్యక్రమం పేరు అది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళకి అమెరికా ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ అందింది. అందులో మన మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు వైపు ఊళ్ళు ఉన్నాయి. ఆ టీవీ సెట్లు చేసింది ఈసీఐఎలే. ఊరి మధ్య పది అడుగుల గొడుగు యాంటెన్నా పెట్టారు. ఖర్చు తగ్గాలని దాన్ని కోళ్ళ గూటికి వాడే ఇనుప జాలీతో చేశారు. ఒకే బొమ్మతో పాటు రెండు వేరు వేరు సౌండ్ చానళ్ళు వచ్చేలా ఏర్పాటు చేశారు, భాషలు వేరైనా బొమ్మ ఒకటే సరిపోతుందని.

అంటే మన ఊళ్ళలో బొమ్మది ఒక దారి, మాటది ఒక దారి అన్నది అప్పుడే వచ్చేసింది. బొమ్మ వచ్చి మాట రాకపోతే గొడుగు తప్పు కాదు, ఎందుకంటే రెండూ ఆ గొడుగులోంచే రావాలి. రెండూ రాకపోతే ముందు గొడుగు వైపు, కరెంటు వైపు చూడాలి. ఇంటి మీదకెక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిచిన మన తరానికి ఈ తర్కం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంటికొచ్చిన కంప్యూటర్, మళ్ళీ అదే హూటర్

1982లో సిడ్నీకి ఉత్తరాన ఉన్న గాస్‌ఫర్డ్ వైపు నుంచి మైక్రోబీ అనే ఆస్ట్రేలియా ఇంటి కంప్యూటర్ వచ్చింది. మొదట అది విడిభాగాల కిట్‌గా అమ్మారు, కొన్నవాళ్ళే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చుకోవాలి. తర్వాత ఇక్కడి బడుల్లో కూడా బాగా వాడారు. అందులో సౌండ్ ఎలా వచ్చేదో తెలుసా? ప్రోగ్రామ్ ఒకే ఒక్క బిట్‌ని ఆన్, ఆఫ్ చేస్తుంటే స్పీకర్ కూసేది. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా జెఫ్ హిల్ హూటరే అన్నమాట. పక్కన సిడ్నీలోనే 1979లో పీటర్ వోగెల్, కిమ్ రైరీ కలిసి ఫెయిర్‌లైట్ అనే సంగీత కంప్యూటర్ తెచ్చారు. అందులో స్క్రీన్ మీద లైట్ పెన్నుతో గీత గీస్తే అది శబ్దమయ్యేది. కానీ దాని ధర మామూలు ఇంటికి అందేది కాదు.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనూ చిన్న స్పీకర్ ఒకటి పెట్టారు. స్విచ్ వెయ్యగానే యంత్రం తనని తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే ఒక్క చిన్న బీప్ ఇచ్చేది. ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు వస్తే డిస్‌ప్లే కార్డులో లోపం అని అర్థం. ఇది ఎంత తెలివైన పనో చూడండి. స్క్రీనే పోతే, స్క్రీన్ పోయిందని స్క్రీన్ మీద రాయలేం కదా! కన్ను పని చెయ్యనప్పుడు నోటితో చెప్పాలి. సిరాక్ దగ్గర చూసిన పద్ధతే ఇది.

సౌండ్ కార్డు, రంగుల సాకెట్లు

1987లో ఐబీఎం వీజీఏ తెచ్చింది, 15 పిన్నుల సాకెట్. 1989లో సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చింది. దాంతో కంప్యూటర్‌కి మంచి గొంతు వచ్చింది, కొత్త తలనొప్పీ వచ్చింది. ప్రతి పరికరం ప్రాసెసర్‌ని పిలవడానికి ఒక గంట నంబర్ వాడేది, దాన్ని ఐఆర్‌క్యూ అంటారు. ఆ పాత కార్డులు 7వ నంబర్‌కి పెట్టి వచ్చేవి, ప్రింటర్ పోర్టుకీ అదే నంబర్. రెండిళ్ళకి ఒకే కాలింగ్ బెల్ పెట్టినట్టు. ప్రింట్ కొడితే పాట ఆగడం, ఆట ఇరుక్కుపోవడం ఇందుకే. పెట్టె విప్పి జంపర్ అనే బుల్లి ముక్కని పీకి ఇంకో చోట పెట్టాలి. 1995 ఆగస్ట్‌లో విండోస్ 95 వచ్చాక నంబర్లు తనే పంచడం మొదలుపెట్టింది. మొదట్లో అంత సవ్యంగా సాగలేదు, మెల్లగా కుదురుకుంది.

దాని తర్వాత వచ్చిన మేలు రంగులు. 1990ల చివర్లో మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి ఇచ్చిన పీసీ 99 ప్రమాణంలో స్పీకర్‌కి లేత ఆకుపచ్చ, మైక్‌కి గులాబి, వీజీఏకి నీలం అని ఖాయం చేశారు. అక్షరం రాని అమ్మకి కూడా ఫోన్‌లో "పచ్చదాంట్లో పెట్టమ్మా" అని చెప్పగలుగుతున్నామంటే దీని పుణ్యమే.

2002 చివర్లో హెచ్‌డీఎంఐ వచ్చింది, బొమ్మా మాటా ఒకే తీగలో. సౌకర్యమే గానీ దాంతో కొత్త చిక్కు. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించగానే కంప్యూటర్ తన సౌండ్ కూడా అటే పంపెయ్యొచ్చు. ఆ మానిటర్‌లో స్పీకరే ఉండదు. పచ్చ సాకెట్‌లో స్పీకర్ చక్కగా ఉన్నా నిశ్శబ్దం. ఇంట్లోవాళ్ళు స్పీకర్ పోయిందంటారు. ఏదీ పోలేదు, మాట వేరే దారిలో వెళ్ళింది.

తెలుగు అక్షరం కనపడాలంటే

కనపడటంలో మనకి మాత్రమే ఉన్న బాధ ఇంకొకటి, మన లిపి. 1990లలో ఇంటర్నెట్‌లో తెలుగువాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవారు. అమెరికా రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి అలాంటిదే. పేపర్ల వెబ్‌సైట్లకి ఎవరి ఫాంటు వాళ్ళది. ఆ ఫాంటు దించుకోకపోతే పిచ్చి గీతలు కనపడేవి. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చినా, కంట్రోల్ పానెల్‌లోకి వెళ్ళి సీడీ పెట్టి క్లిష్ట లిపుల ఫైళ్ళు వేసుకుంటే గానీ ఒత్తులు సరిగ్గా కూర్చునేవి కావు. అంతదాకా డబ్బాలే. దేశం కాని దేశంలో సొంత భాష డబ్బాలుగా కనపడితే ఎలా ఉంటుందో ఆ రోజుల్లో వచ్చినవాళ్ళని అడగండి.

2018 ఫిబ్రవరిలో కథ తిరగబడింది. "జ్ఞా" అక్షరంలో కంటికి కనపడని ఒక కోడు కలిసినప్పుడు, దాన్ని చూపించబోయి యాపిల్ ఫోన్లు, కంప్యూటర్లలో యాప్‌లు కూలిపోయాయి. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. మన అక్షరం కోసం అంత పెద్ద కంపెనీ పరుగులు పెట్టిందని అప్పుడు అందరూ నవ్వుకున్నారు. దాన్లో పాఠం ఏంటంటే, బొమ్మ తప్పుగా వచ్చిన ప్రతిసారీ సామాను పోయినట్టు కాదు.

ఇంకో ముచ్చట. మనం కాల్ చేసే వైఫైలో కీలకమైన ఒక పద్ధతి కూడా ఆ సీఎస్‌ఐఆర్‌ఓ రేడియోఫిజిక్స్ వాళ్ళదే. గదిలో గోడలకి, బీరువాలకి తగిలి రేడియో తరంగాలు ప్రతిధ్వనిలా తిరిగొచ్చి మాట చెడగొడతాయి. జాన్ ఓ సల్లివన్ బృందం దీనికి ఉపాయం కనిపెట్టి 1992లో పేటెంట్‌కి దరఖాస్తు చేసింది. కంప్యూటర్‌ని వదులుకుని రేడియో ఖగోళం పట్టుకున్న సంస్థకి, నక్షత్రాల వైపు చెవి పెట్టిన ఆ అనుభవమే మళ్ళీ కంప్యూటర్ల దగ్గరికి తెచ్చింది.

ఈ చరిత్ర ఆదివారం గంటకి ఎలా పనికొస్తుంది

ఇన్నేళ్ళలో యంత్రాలు మారాయి, వెతికే పద్ధతి మారలేదు. దారిని ముక్కలు చేసి, ఏ ముక్క దాకా వచ్చిందో చూడటం. సైట్‌లో లైను ఎక్కడ తెగిందో టెస్టర్‌తో బోర్డు బోర్డుకీ చూసుకుంటూ పోతాం కదా, అదే.

బొమ్మ రాకపోతే ముందు చెవి వాడమనండి. ఫ్యాన్ తిరుగుతోందా, బీప్ వచ్చిందా, విండోస్ మొదలైన చప్పుడు వచ్చిందా? విండోస్ చప్పుడు వస్తే యంత్రం బతికే ఉంది, తేడా చాలావరకు స్క్రీన్ వైపే. ల్యాప్‌టాప్ అయితే చీకటి గదిలో ఫోన్ టార్చ్ స్క్రీన్ మీద ఏటవాలుగా వెయ్యమనండి. మసకగా అక్షరాలు కనపడితే వెనక వెలుగు పోయిందంతే. తర్వాత హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలపమనండి. టీవీలో బొమ్మ వస్తే బోర్డు చాలావరకు బాగున్నట్టే, షాపులో ఎవరైనా బోర్డు మార్చాలంటే వెంటనే ఒప్పుకోవద్దు.

మాట రాకపోతే ఇప్పుడు కన్ను వాడాలి. కింద మూల స్పీకర్ గుర్తు నొక్కి, సౌండ్ ఏ పరికరానికి వెళ్తోందో పేరు చదివించండి. మానిటర్ పేరు ఉంటే స్పీకర్‌కి మార్పించండి. ఇయర్‌ఫోన్ పెట్టి వినమనండి. దాంట్లో వస్తే స్పీకరో, దాని తీగో తేడా. యూట్యూబ్‌లో పాట వస్తూ కాల్‌లో మాత్రం గొంతు రాకపోతే ఆ యాప్ సెట్టింగుల్లో మైక్, స్పీకర్ వేరేవి ఎంచుకుని ఉన్నాయేమో చూడాలి. ఇంత చూశాక అప్పుడు ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమనండి. ముందే ఆపేస్తే ఒక్కోసారి గుర్తులన్నీ పోతాయి.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో పాత లావుపాటి మానిటరో, టీవీనో ఉంటే దాని వెనక మూత ఎవరినీ విప్పనివ్వద్దు. ప్లగ్ తీసేసినా లోపల ప్రమాదకరమైన వోల్టేజ్ నిలిచి ఉంటుంది.

పైన రాసింది ఫోన్‌లో ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించినా సరే, స్క్రీన్‌షాట్ పంపినా సరే. మీ ఇంట్లో సౌండో, బొమ్మో ఏ దారిలో తప్పిపోయిందో, ఎలా దొరికిందో వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం. ఎండలు ముదురుతున్నాయి, నీళ్ళు తాగుతూ పని చేసుకోండి. ఉంటాను.